ఫోన్ లాక్కుంటే వాయిదా జబ్బు పోదు

అనంతపురం, కడప, కర్నూలు హాస్టళ్లలో పిల్లలు చదవకపోవడానికి ఫోనే కారణమని తల్లిదండ్రులు, లెక్చరర్లు ఎప్పుడో తీర్పు ఇచ్చేశారు. ఆ తీర్పు తలకిందులు. ముందొచ్చేది ఫోన్ కాదు, పని మీద బెదురు.

ల్యాబ్ రికార్డునే తీసుకోండి. ఎక్స్‌టర్నల్ ప్రాక్టికల్ పరీక్షకి వారం ఉంది, ఆరు ప్రయోగాలు రాయాలి. కుర్రాడు రాత్రి తొమ్మిదికి రికార్డు తెరిచి ‘ఎయిమ్’ రాస్తాడు. సర్క్యూట్ బొమ్మ దగ్గర పెన్ను ఆగుతుంది, అర్థం కాదు. లోపల గుబులు. సీనియర్ రికార్డు ఫొటోల కోసం వాట్సాప్ తెరుస్తాడు, అటునుంచి రీల్స్‌లోకి జారతాడు. గుబులు దిగిపోతుంది. టైమ్ చూస్తే పదకొండున్నర! ఆ రాత్రి మెదడు నేర్చుకున్న పాఠం ఒక్కటే: పని పక్కన పెడితే హాయి. తాగుడు, పేకాట చాలామందికి ఒంటబట్టేదీ ఇలాగే. పైగా ఏ రీల్ నచ్చుతుందో ముందే తెలీదు. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి అలవాటును గట్టిపరుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాల మీద ఎప్పుడో తేల్చాడు. మర్నాడు రికార్డు మరింత భయపెడుతుంది, ఫోన్ మోతాదు పెరుగుతుంది. వాయిదా అంటే టైమ్ చూసుకోవడం చేతకాక కాదు, మనసును అప్పటికప్పుడు ఊరడించుకోవడమేనని మనస్తత్వ పరిశోధకులు సిరోయిస్, పిచిల్ 2013లో రాసింది ఇందుకే.

ఫోనే ముందు పట్టుకున్నవాళ్లు లేరా? ఉన్నారు. గేమ్‌ల మీద అదుపు తప్పి, మిగతావన్నీ వెనక్కిపోయి, నష్టమని తెలిసీ మామూలుగా 12 నెలలపాటు మానలేకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11 దాన్ని గేమింగ్ డిజార్డర్ అంటుంది. వాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయాల్సిందే, కింది చిట్కాలు చాలవు.

మిగతావాళ్లకు యాప్ లాకర్లు దండగ, పిన్ తమ చేతిలోనే ఉంటుంది కదా. సీనియర్ పేజీలు పగలే జిరాక్స్ తీయించుకుని, ఫోన్ పక్క గదిలో ఇచ్చి కూర్చోవాలి. ‘రికార్డు పూర్తిచేయాలి’ అనుకోకుండా ‘మూడో ప్రయోగం బొమ్మ, పది నిమిషాలు’ అనుకోవాలి. అర్థం కానిచోట పెన్సిల్‌తో ప్రశ్న రాసి ముందుకెళ్లిపోవాలి. అక్కడ ఆగితేనే చెయ్యి ఫోన్ కోసం వెతుకుతుంది.

అసలు పిల్లలకు ఈ వాయిదా నేర్పిందెవరు? జేఎన్టీయూ అనంతపురం బీటెక్‌లో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్స్ 30 మార్కులు, చివరి పరీక్ష 70. అలాంటప్పుడు ఆగస్టులో పుస్తకం తెరిచేవాడే అమాయకుడు. రికార్డుపై ఏ వారం సంతకం ఆ వారం పడితే ఆరు ప్రయోగాల కొండ పేరుకోదు. సెమిస్టర్ చివర ఏ స్టాఫ్ రూమ్‌కైనా వెళ్లి చూడండి: టేబుల్ మీద నలభై రికార్డులు, ఒకే విడతలో ఎర్రపెన్నుతో సంతకాలు. కింద వేసే తేదీలు మాత్రం జులైవి.