‘లేచిపోయింది’ అన్న ఒక్క మాట చాటున

మైసూరులోని లష్కర్ మొహల్లా బస్టాండు. మరుగుదొడ్డి తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంది. ఎంత తట్టినా పలుకు లేదు. తలుపు బద్దలు కొడితే నేలమీద ఒక యువతి. కొత్త చీర, పెళ్లికూతురి ముస్తాబు. మెడలో గొలుసు లేదు, చేతులకు గాజులు లేవు, చెవులు బోసిగా ఉన్నాయి. చేతిసంచిలో ఊరూ పేరూ తెలిపే కాగితం ముక్క కూడా లేదు. పోలీసులు వచ్చి పంచనామా రాస్తారు. లోపల గడియ ఉంది కాబట్టి ఆత్మహత్య అనుకుంటారు. ‘గుర్తు తెలియని మహిళ’ అని కేసు కడతారు. కొన్నాళ్లు చూసి, ఎవరూ రాకపోతే శవాన్ని దహనం చేయిస్తారు.

ఆ ఒక్క బస్టాండులోనే ఇలాంటి శవాలు ఎనిమిది దొరికాయి. బెంగళూరులో నిత్యం లక్షల మంది తిరిగే కెంపేగౌడ బస్టాండులో మరో ఐదు. మిగిలినవి మరికొన్ని ఊళ్లలో. 2003 నుంచి 2009 దాకా ఆరేళ్లలో మొత్తం 20 మంది మహిళలు. చంపినవాడు ఒక్కడే అని 2009 అక్టోబర్ దాకా కర్ణాటకలో ఏ పోలీసు అధికారికీ తెలియదు.

అతడి పేరు మోహన్ కుమార్. దక్షిణ కన్నడ జిల్లావాడు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చాలా ఏళ్లు టీచరుగా పనిచేశాడు. పట్టుబడ్డాక పత్రికలు ‘సైనైడ్ మోహన్’ అని పేరు పెట్టాయి. ఆ పేరు వెంటే కథనాలు బయల్దేరాయి: చల్లని మాట, పదునైన బుర్ర, కోర్టులో లాయరు లేకుండా తన కేసు తానే వాదించుకున్న ధైర్యం. ఇవన్నీ చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అతడి పద్ధతి చూడండి. పెళ్లి ఆలస్యమైన అమ్మాయిని ఎంచుకోవడం. ప్రభుత్వోద్యోగిని, మీ కులమే, కట్నం వద్దు అని నమ్మించడం. నగలు పెట్టుకుని రమ్మని దూరపు ఊరికి తీసుకెళ్లి బస్టాండు దగ్గర లాడ్జిలో దిగడం, లాడ్జి పుస్తకంలో ఒక్కో చోట ఒక్కో పేరు రాయడం. మర్నాడు పొద్దున్నే నగలు గదిలోనే తీసి పెట్టించి బస్టాండుకు తీసుకురావడం. గర్భం రాకుండా మాత్ర అని సైనైడ్ చేతిలో పెట్టి, కడుపులో తిప్పుతుందేమో, మరుగుదొడ్డిలోకి వెళ్లి వేసుకోమనడం. ఆమె లోపలికి వెళ్లి తానే గడియ పెట్టుకునేది. అతడు లాడ్జికి తిరిగొచ్చి నగలు మూటగట్టుకుని తన ఊరు బస్సెక్కేవాడు.

ఇంతే. ఇదే 20 సార్లు. వేషం, మాత్ర, వేళ, చోటు ఏవీ పెద్దగా మార్చలేదు. ఒకే బస్టాండుకు ఎనిమిది సార్లు వచ్చాడంటే దానికి తెలివితేటలు అక్కర్లేదు. ఎవరూ పాత ఫైలు తెరిచి చూడరన్న భరోసా ఒక్కటి చాలు. ఆ భరోసా అతడికి ఎవరిచ్చారన్నదే నన్ను వేధించే ప్రశ్న.

నా దృష్టిలో ఆ భరోసా ‘లేచిపోయింది’ అన్న మాటలో ఉంది.

కనిపించకుండా పోయిన 20 మందిలో దాదాపు అందరూ పేద, దిగువ మధ్యతరగతి ఇళ్ల ఆడపిల్లలు. పాతికేళ్లు దాటినా కట్నం కూడక ఇంట్లో ఉండిపోయినవాళ్లు ఎందరో. అలాంటి ఇంటి ఆడపిల్ల నగలతో సహా కనిపించకపోతే వీధి మొదట ఏమంటుందో మనకు తెలియంది కాదు. ఎవడితోనో లేచిపోయిందంటుంది. ఆ మాట పడ్డాక తండ్రి స్టేషన్ మెట్లెక్కడానికి వెనకాడతాడు. ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉంటే మరీ. గుండె దిటవు చేసుకుని వెళ్లినా అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘ఎవడితోనైనా ఫోన్లో మాట్లాడేదా?’ అనే. అవునంటే, ‘అయితే రెండ్రోజుల్లో అదే వస్తుందిలే’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఊరు కట్టిన ఈ కథ హంతకుడికి కవచమైంది. అతడు ఆ కథను పుట్టించలేదు, అది పుట్టి ఉన్న ఇళ్లను వెతుక్కున్నాడు, అంతే. ఒకామె మాత్రం బతికి బయటపడి, తర్వాత కోర్టులో సాక్ష్యం చెప్పింది. ఆమె అప్పుడే నోరు విప్పి ఉంటే అనిపించడం సహజం. కానీ విప్పి ఉంటే ఊరు ఆమెనేమని ఉండేదో ఆలోచిస్తే, నాకు ఆమెను వేలెత్తి చూపే మనసు రాదు.

మరి ఎలా పట్టుబడ్డాడు? ఇది చెప్పుకోవడానికే బాధగా ఉంటుంది. 2009 జూన్‌లో అదే దక్షిణ కన్నడ జిల్లా బంట్వాళ తాలూకాలో 22 ఏళ్ల యువతి కనిపించకుండా పోయింది. వేరే మతం కుర్రాడు ఎత్తుకుపోయాడని పుకారు లేచింది. జనం రోడ్డెక్కారు, స్టేషన్ ముందు ఆందోళనకు దిగారు. శాంతిభద్రతల సమస్య అయ్యేసరికి పోలీసులు ఆమె కాల్ రికార్డులు తీశారు. ఆ పుకారు పచ్చి అబద్ధమని తర్వాత తేలింది. కానీ అంతకుముందు మాయమైనవాళ్ల తల్లుల కన్నీళ్లు కదిలించలేని యంత్రాంగాన్ని ఆ అబద్ధం కదిలించింది. ఆ మతం పుకారే లేకపోతే 21వ శవం, 22వ శవం లెక్కపెట్టి ఉండేవాళ్లం.

కాల్ రికార్డులు తీశాక దర్యాప్తు చకచకా నడిచింది. ఆమె ఫోన్ నుంచి వెళ్లిన ఒక నంబరు వెనకపడితే అది మరో అమ్మాయిది, ఆమె కూడా కనిపించడం లేదు. ఆమె కాల్స్ చూస్తే ఇంకో నంబరు, అదీ కనిపించకుండా పోయిన అమ్మాయిదే. ఒకరి ఫోన్‌తో మరొకరికి వల వేశాడు. ఈ గొలుసులో ఒక ఫోన్ మంగళూరు దగ్గర దేరళకట్టెలో ఇంకా వాడుకలో ఉంది. పట్టుకున్న కుర్రాడు, ఇది మా మామయ్య ఇచ్చాడన్నాడు. ఆ మామయ్యే మోహన్ కుమార్. ఆరేళ్లు కానిది కొన్ని వారాల్లో అయిపోయింది. అంటే దర్యాప్తు చేతగాక కాదు, మొదలుపెట్టకే ఇన్నాళ్లు పట్టింది.

ఇక్కడ సైనైడ్ గురించి ఒక మాట. అది రక్తంలో చేరాక శరీర కణాలు ఆక్సిజన్‌ను వాడుకోలేవు. ఊపిరి ఆడుతున్నా కణం ఊపిరాడక చచ్చిపోతుంది. నిమిషాల్లో ప్రాణం పోతుంది. మన దేశంలో ఆత్మహత్యలకు పురుగుమందు, ఉరి, రైలు పట్టాలు మామూలు. పల్లెటూరి పేదింటి పిల్ల చేతికి సైనైడ్ దొరకడం మామూలు కాదు. బంగారం పనిలో వాడే సరుకు అది. కంసాలి పని చేస్తానని చెప్పి మోహన్ దాన్ని సంపాదించాడు. అనుమానాస్పద మరణంలో కడుపులోని అవయవాల ముక్కలను భద్రపరిచి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపాలి. వాటిని పోలీసు భాషలో విసెరా అంటారు. ఇన్ని శవాల్లో అలా లోతుగా పరీక్ష జరిగినవి వేళ్లమీద లెక్కపెట్టేన్ని. సైనైడ్ అని తేలిన చోట కూడా, ఈమెకు ఇది ఎవరిచ్చారన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. ఒక బస్టాండులో పెళ్లి ముస్తాబుతో, నగల్లేకుండా, మరుగుదొడ్డిలో చనిపోయిన ఇద్దరి ఫోటోలు పక్కపక్కన పెడితే కానిస్టేబుల్‌కైనా కథ అర్థమవుతుంది. ఆ రెండు ఫోటోలూ ఒకే బల్ల మీదికి రాలేదు.

చట్టం లేక కాదు. అసహజ మరణం జరిగితే విచారణ ఎలా చేయాలో పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 174వ సెక్షన్ చెప్పింది, 2024 జులై నుంచి అదే విషయం దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 194లో ఉంది. స్టేషన్లను కంప్యూటర్‌తో కలిపే సీసీటీఎన్‌ఎస్ పథకానికి కేంద్రం 2009లోనే ఆమోదం తెలిపింది, మోహన్ దొరికిన ఏడాదే. పిల్లలు కనిపించకపోతే ఎఫ్‌ఐఆర్ కట్టి, అపహరణ అనుకుని దర్యాప్తు మొదలెట్టాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పద్దెనిమిది నిండిన ఆడపిల్లకు మాత్రం ఆ అనుమానపు రక్ష లేదు. ఆమె మేజరు, ఇష్టపడి వెళ్లి ఉంటుందనే ఊహతోనే ఫైలు మొదలవుతుంది. ఇష్టపడి వెళ్లే హక్కు ఆమెకు ఉంది, ఉండాలి. అందుకోసం ఆమె క్షేమంగా ఉందో లేదో కనుక్కోవడం మానేయాలా? ఆమెతో ఒక్కసారి మాట్లాడి, బాగానే ఉన్నానంటే ఫైలు మూసేయండి. మాట్లాడకుండా మూసేయడమే నేరం.

ఇదంతా కన్నడ దేశపు కథ అని పక్కన పెట్టేయలేం. 2019 ఏప్రిల్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో ఒక బడిపిల్ల శవం పాడుబడ్డ బావిలో దొరికింది. ఆ తర్వాతే, అంతకు ముందు నెల మార్చిలో కనిపించకుండా పోయిన మరో అమ్మాయి, 2015లో కనిపించకుండా పోయిన ఇంకో చిన్నపిల్ల కూడా ఆ వ్యవసాయ బావుల్లోనే ఉన్నారని బయటపడింది. నాలుగేళ్లు ఆ చిన్నపిల్ల ఇంటికి అంత దగ్గర్లోనే ఉంది. నల్గొండ కోర్టు 2020 ఫిబ్రవరిలో దోషికి మరణశిక్ష వేసింది. అదే 2019లో ఏలూరులో ప్రసాదం పేరుతో సైనైడ్ పెట్టి పది మందిని చంపాడని ఒకణ్ని పోలీసులు అరెస్టు చేశారు. అంతకుముందు పోయినవాళ్లలో చాలామందివి మామూలు చావులే అనుకున్నారు. చివరి మృతుడి ఇంటివాళ్లు, ఒంటిమీది బంగారం ఏమైందని నిలదీయబట్టే డొంక కదిలింది. బస్టాండు శవాల మీదా లేనిది బంగారమే. అక్కడ నిలదీయడానికి ఇంటివాళ్లు లేరు, పోలీసులే ఇంటివాళ్ల స్థానంలో నిలబడి అడగాల్సింది.

శిక్ష సంగతికొస్తే, మంగళూరు సెషన్స్ కోర్టు 2013 డిసెంబర్‌లో మూడు హత్యల్లో మోహన్‌ను దోషిగా తేల్చి మరణశిక్ష వేసింది. బంట్వాళ యువతి కేసులో ఆ శిక్షను కర్ణాటక హైకోర్టు 2017లో యావజ్జీవంగా మార్చింది. కేసులు ఒక్కటొక్కటిగా విడివిడిగా నడిచాయి. ఇది సాగదీత అని విసుక్కున్నవాళ్లున్నారు. నేను మాత్రం ఆ పద్ధతినే గౌరవిస్తాను. 20 మందినీ కలిపి ఒకే తీర్పులో చుట్టేస్తే వాళ్లు మళ్లీ ఒక అంకె అయిపోయేవాళ్లు. విడివిడిగా నడిచింది కాబట్టి, ‘గుర్తు తెలియని మహిళ’ అని బూడిదైన ప్రతి ఒక్కరికీ కోర్టు రికార్డులో ఊరూ, పేరూ, తల్లీతండ్రీ తిరిగొచ్చాయి. లేచిపోలేదని, చంపేశారని ఆ ఇళ్లకు న్యాయమూర్తి రాతపూర్వకంగా చెప్పినట్టయింది. ఉరి పడిందా, జీవితఖైదు పడిందా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఇరవయ్యోది, ఆఖరి కేసు, 2020 జూన్‌లో తేలింది. చనిపోయింది కేరళలోని కాసరగోడ్ వైపు పాతికేళ్ల అమ్మాయి, ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా పనిచేసేది. 2009లో అతడి వెంట బెంగళూరు వెళ్లింది. లేచిపోయిందన్న మాటను ఆ ఇంటి గుమ్మం మీదినుంచి ఒక తీర్పు తుడిచేసేసరికి దాదాపు పదకొండేళ్లు పట్టింది.