టు గారికి మారతహళ్ళి నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ ఇంగ్లిషు సంస్థాన వాస్తవ్యులు టు (to) గారి దివ్యసముఖమునకు,

బెంగళూరు మారతహళ్ళి నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగనక్కర్లేదు. పొద్దున స్టాండప్ మీటింగ్ మొదలు రాత్రి అమెరికా వాళ్ళ కాల్ దాకా మీరు లేనిదే మా ఆఫీసులో ఒక్క వాక్యం గడప దాటట్లేదు.

మీ మీద ఇదివరకు ఫిర్యాదులు చాలానే వచ్చాయని తెలుసు. మీకు రెండు ఉద్యోగాలు. ఒకచోట నామవాచకం ముందు నిలబడే ప్రిపొజిషన్, ఇంకోచోట ఇన్ఫినిటివ్‌కి (డ్రైవ్, టాక్ లాంటి ఉత్త క్రియకి) ముందు నడిచే బంట్రోతు. రెండు చోట్లా ఒకటే యూనిఫాం. 'యూజ్డ్ టు డ్రైవ్' అంటే ఒకప్పుడు నడిపేవాణ్ణి, ఇప్పుడు మానేశాను. 'యామ్ యూజ్డ్ టు డ్రైవింగ్' అంటే నడిపి నడిపి అలవాటైపోయింది. 'వెంట్ ఆన్ టు టాక్' అంటే ఒక పని ముగించుకుని మాటల్లోకి దిగాడు, 'వెంట్ ఆన్ టాకింగ్' అంటే ఎంతకీ ఆపలేదు. మా మేనేజర్ విషయంలో రెండూ నిజమే. 'సెట్ అవుట్' పక్కన మీరు ఉండి తీరాలి, దాని తోబుట్టువు 'సెట్ అబౌట్' గడప మీరు తొక్కకూడదు. 'గివ్ అప్', 'కీప్ ఆన్' వాళ్ళు కూడా మిమ్మల్ని రానివ్వరు, ఇంగ్ (-ing) గారినే పిలుస్తారు. ఎందుకని అడిగితే చెప్పే దిక్కు లేదు.

ఇది మా ఒక్కళ్ళ బాధా కాదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లిషు నిఘంటువు ముందుమాటలోనే ఒప్పేసుకున్నాడు, క్రియకు చిన్న మాట తగిలించి అర్థం మార్చేసే ఈ అలవాటుతో పరాయివాళ్ళు పడే కష్టం అంతా ఇంతా కాదని. ఆయన ఒప్పుకుని ఊరుకున్నాడు. సరిగ్గా ఎనభై ఏళ్ళకు, 1835లో, మెకాలే దొర ఆ కష్టాన్ని మా చదువుల్లోకి ఎక్కించాడు. ఈ అలవాటుకు 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరును లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత ప్రచారంలోకి తెచ్చింది 1925లో. అంటే పేరు కూడా స్థిరపడని జబ్బుకు మా ముత్తాతలు పరీక్షలు రాసి ఫెయిలయ్యారన్నమాట.

మారతహళ్ళి బ్రిడ్జి దాటాక ఒక కర్రీ పాయింట్, దాని పక్కనే ఇరుకు మెట్లు, ఎక్కితే స్పోకెన్ ఇంగ్లిషు క్లాసు. పిల్లలు ఎక్కువమంది అనంతపురం, కడప వైపు వాళ్ళు. కింద తాలింపు వేస్తే పైన క్లాసంతా దగ్గుతుంది. సారు దగ్గుతూనే చెబుతారు: "లుక్ ఫార్వర్డ్ టు వచ్చిందంటే పక్కన ఇంగ్ పెట్టేయండి. ఎందుకని నన్నడక్కండి, నేను మా సారుని అడగలేదు." పిల్లలు రాసుకుంటారు. ఇంటర్వ్యూకి వెళ్ళి, టెన్షన్‌లో, 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు జాయిన్ యువర్ కంపెనీ' అంటారు. అలా అన్న ఒక పిల్లాణ్ణి చూసి మా ప్యానెల్లో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు కూడా. కానీ వాడి మాటలో అబద్ధం ఎక్కడుంది? చేరాలనుకున్నాడు, చేరతానన్నాడు. తేదీ చెప్పగానే రాత్రి బస్సెక్కి, పొద్దున్నే మడివాళలో దిగి వచ్చి చేరాడు.

కాబట్టి నా గొడవ తప్పుగా వాడేవాళ్ళతో కాదు. మిమ్మల్ని తప్పుల్లేకుండా వాడేవాళ్ళతోనే వచ్చింది చిక్కంతా.

మీ వెంట వచ్చే ఇన్ఫినిటివ్‌కి కాలం ఉండదు, పురుష ఉండదు, వచనం ఉండదు. మా వ్యాకరణంలో తుమున్నర్థకం కూడా అలాంటిదే లెండి. 'చేయడానికి' అంటే ఎవరు, ఎప్పుడు అన్నది తేలదు. ఆ మాటకొస్తే పాత ఇంగ్లిషులో మీరూ మామూలు ప్రిపొజిషనే, మీ వెనక క్రియ చతుర్థీ విభక్తిలో నడిచేదట. మా 'చేయడానికి' చివర ఉన్న 'కి'ని బళ్ళో షష్ఠిలో వేసినా, అది ఇక్కడ చేసేది చతుర్థి పనే. ఆ లెక్కన మనకు ఎంతో కొంత చుట్టరికం ఉంది, అందుకే ఇంత చనువుగా రాస్తున్నాను. అయితే మా దగ్గర 'చేయడానికి' తర్వాత ఇంకో క్రియ వచ్చి లెక్క అప్పజెప్పాలి. చేశాను అంటే నేను, చేశాడు అంటే వాడు. తప్పించుకునే దారులు మాకూ లేకపోలేదు. గ్లాసు పగలగొట్టిన పిల్లాడు 'పగిలిపోయింది' అంటాడు. వాళ్ళమ్మ కళ్ళెర్రజేస్తే చాలు, క్రియతో పాటు కర్త కూడా బయటికొస్తాడు. మీ ఇంగ్లిషుకు మా ఆఫీసులో అలాంటి అమ్మ లేదు.

మచ్చుకి ఒక మెయిల్ చూడండి. మా ప్రాజెక్టు ఆలస్యమైతే పైవాళ్ళకు ఇలా వెళ్ళింది: 'వీ సెట్ అవుట్ టు ఫినిష్ బై మార్చ్, బట్ ద స్కోప్ టర్న్డ్ అవుట్ టు బి లార్జర్ దాన్ ఎక్స్‌పెక్టెడ్.' వ్యాకరణానికి వంక పెట్టలేం. 'సెట్ అవుట్ టు' అనడంతో బయల్దేరినట్టు రికార్డయింది, చేరారా లేదా అన్నది ఎవరూ అడగరు. ఇక 'టర్న్డ్ అవుట్ టు బి' ఉందే, దాని ముందు మోకరిల్లాలి. పని పెరిగిందట, వానకు ఆనపపాదు పాకినట్టు, దానంతటదే. క్లయింటు అడిగిన ప్రతిదానికీ తలూపి పెంచినాయనే ఈ మెయిలూ రాశాడు. అదే సంగతి 'నేను అన్నిటికీ సరేనన్నాను, మార్చికి చేయలేకపోయాం' అని రాసుంటే ఆయన అప్రైజల్ గంగలో కలిసేది. మీ పుణ్యమా అని ప్రమోషన్ వచ్చింది. స్వీట్లు పంచితే నేనూ తిన్నాను, మైసూర్‌పాక్ బాగానే ఉంది.

'గోయింగ్ టు' సంగతీ ఇంతే. మొదట్లో అది నిజంగా నడకే, ఫలానా పని చేయడానికి వెళ్తున్నానని చెప్పడం. రాను రాను కాళ్ళు ఆగిపోయి ఉద్దేశం ఒక్కటే మిగిలింది. దీనికి భాషాశాస్త్రం చదవక్కర్లేదు, సాయంత్రం సిల్క్‌బోర్డు జంక్షన్‌లో నిలబడితే చాలు.

ఈ అంటు ఆఫీసులోనే ఉంటే సర్దుకుపోయేవాణ్ణి. మా పీజీ ఓనరు నెల్లూరాయన. గీజరు పాడైతే ఇదివరకు "రేపు చేయిస్తాలే తమ్ముడూ" అనేవాడు. చేయించేవాడు కాదు. కానీ ఎల్లుండి పొద్దున పట్టుకుని "రేపన్నావు కదన్నా" అనడానికి మాకు ఒక 'రేపు', ఒక 'చేయిస్తా' చేతిలో ఉండేవి. ఆయన మా కుర్రాళ్ళ ఫోన్లు విని విని బాగుపడ్డాడు. ఈమధ్య గ్రూపులో పెట్టిన మెసేజి: 'హాయ్ ఆల్, గీజర్ ఈజ్ లుకింగ్ టు బి సార్టెడ్ అవుట్ సూన్.' గీజరే తనను ఎవరైనా బాగుచేస్తారేమోనని ఎదురుచూస్తోందన్నమాట. ఇప్పుడు ఎవర్ని పట్టుకుని అడగాలి? అందరం చన్నీళ్ళు పోసుకుంటున్నాం.

ఆఖరి మెయిల్ ఒకటుంది. అది పెద్దాయన దగ్గర్నుంచి వచ్చింది. 'వీ ఆర్ గోయింగ్ టు హావ్ టు లెట్ సమ్ ఆఫ్ అవర్ కొలీగ్స్ గో.' ఒక్క వాక్యంలో మీరు రెండుసార్లు డ్యూటీ చేశారు. 'గోయింగ్ టు', అంటే ఇంకా ఏమీ కాలేదు, కంగారుపడకండి. 'హావ్ టు', అంటే మాకేమన్నా సరదానా. ఇక 'లెట్ గో'. ఇన్నాళ్ళూ వాళ్ళు పోతాం పోతాం అని గింజుకుంటుంటే వీళ్ళే రెక్క పట్టుకుని ఆపినట్టు, ఇప్పుడు జాలిపడి వదిలినట్టు! 'తీసేస్తున్నాం' అనడానికి ఇంత సరంజామా. ఆ జాబితాలో ఇంటర్వ్యూలో నవ్వించిన కుర్రాడి పేరు ఉంది. 'టర్న్డ్ అవుట్ టు బి' ఆయన పేరు లేదు. పోతూ పోతూ కుర్రాడు అందరికీ రాసిన మెయిల్లో కూడా 'లుకింగ్ ఫార్వర్డ్ టు వర్క్ విత్ యు ఎగైన్' అనే రాశాడు. ఈసారి ఎవరూ దిద్దలేదు.

అందుకని నా విన్నపం ఏమిటంటే, ప్రిపొజిషన్ ఉద్యోగం మీరు నిక్షేపంగా చేసుకోండి. ఇన్ఫినిటివ్ పని మీద మా ఆఫీసుకు వచ్చినప్పుడు మాత్రం గేటు దగ్గర రిజిస్టరులో పేరు, టైము రాసి రండి. మా సెక్యూరిటీ ఆయన బిర్యానీ తెచ్చిన కుర్రాణ్ణి కూడా అవి రాయించుకోకుండా లోపలికి వదలడు.

జవాబు రాయండి. 'విల్ గెట్ బ్యాక్ టు యు' అని మాత్రం రాయకండి.

ఇట్లు,
చన్నీళ్ళ స్నానంతో జలుబు చేసిన మీ విధేయుడు