సైకిల్ సంఘం సంజాయిషీ

మా ఏడుగురి సైకిల్ సంఘం మీద ఈ మధ్య ఇళ్లల్లో ఒక అభియోగం వచ్చింది. వీళ్లు పొద్దున్నే పోయేది సైకిలు తొక్కడానికి కాదు, కారం దోశ తినడానికి. సైకిలు కేవలం రవాణా సౌకర్యం. ఇదీ సారాంశం. అభియోగం మోపింది ఏడుగురు భార్యలు. సాక్షులూ వాళ్లే, తీర్పు చెప్పేదీ వాళ్లే. అయినా మేమంతా ముప్ఫై, ముప్ఫై ఐదేళ్లు ప్రభుత్వానికి సంజాయిషీలు రాసి బతికిన వాళ్లం. మెమో అందాక ఊరుకోవడం మా రక్తంలో లేదు. సంఘం తరఫున జవాబు రాసే పని నా మీద పడింది. నేను తెలుగు పండితుడిగా రిటైరయ్యాను కాబట్టి పడింది. నిజం చెబుతానని మాత్రం ఎవరూ అనుకోలేదు.

ముందు సభ్యుల వివరాలు. అధ్యక్షులు రిటైర్డ్ తాసిల్దారు గారు. ఆయన సైకిలు తొక్కుతున్నట్టు ఉండదు, ఎక్కడో పొలం గట్టు తగాదా ఉంటే విచారణకు పోతున్నట్టు ఉంటుంది. కార్యదర్శి ఇరిగేషన్ ఇంజినీరు. లెక్కల మాస్టారు, బ్యాంకు మేనేజరు, హెల్త్ సూపర్‌వైజరు, నేను సభ్యులం. కోశాధికారి ట్రెజరీ ఆయన. ఈయన సంగతి కొంచెం చెప్పాలి. ఈయన 2021 డిసెంబరు 31న దండ వేయించుకుని, శాలువా కప్పించుకుని రిటైరయ్యారు. వారం తిరిగేసరికి ప్రభుత్వం రిటైర్మెంటు వయసును 60 నుంచి 62కి పెంచుతున్నట్టు ప్రకటించింది, అదీ జనవరి 1 నుంచి. ఒక్క రాత్రి తేడాలో రెండేళ్ల జీతం పోగొట్టుకున్న మనిషి. ఆ శాలువా ఇంతవరకు మడత విప్పలేదు. డాక్టరు ఆయన బీపీకి కారణం ఉప్పు అంటాడు. ఈయన, కాదు, జీవో అంటాడు.

ఇక సైకిలు విషయం. సైకిలు మాకు కొత్త కాదని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాం. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కి, మోకాళ్లు చెక్కుకుపోయి, అద్దె సైకిలు షాపువాడికి తెలియకుండా వంగిన పెడలును రాయితో కొట్టి సరిచేసిన తరం మాది. అప్పట్లో సైకిలుకు మున్సిపాలిటీ పన్ను కట్టి బిళ్ల తగిలించుకోవాలి. రాత్రిపూట లైటు లేకపోతే పోలీసు ఆపేవాడు, డబుల్స్ కనిపిస్తే గాలి తీసేవాడు. పెళ్లిలో అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో పెడితే ఘనమైన సంబంధం కింద లెక్క. ఉద్యోగం వచ్చాక మేమందరం చేసిన మొదటి పని ఆ సైకిలును వదిలించుకోవడం. స్కూటరు కొన్నాం, తర్వాత కారు కొన్నాం, ఆ తర్వాత షుగరు వచ్చింది. డాక్టరు మందుల చీటీ మీద చివరి లైనులో ‘సైకిలింగ్’ అని రాశాడు. నాన్న కొనిచ్చిన సైకిలు 300 రూపాయలు. డాక్టరు కొనిపించినది 28 వేలు. మధ్యలో నలభై ఏళ్లు కూర్చున్నందుకు పడిన వడ్డీ అని బ్యాంకు మేనేజరు వివరణ.

ఈ కొత్త సైకిళ్లకు 21 గేర్లు. కొండలెక్కడానికి అట. నెల్లూరు పెన్న ఒడ్డున పళ్లెంలా పరిచిన ఊరు. ఇక్కడ మాకు దొరికే కొండలు రెండే: పెన్న వంతెన ఒకటి, ఆత్మకూరు బస్టాండు దగ్గరి ఫ్లైఓవరు ఒకటి. వాన పడితే అండర్ బ్రిడ్జీలు చెరువులవుతాయి గానీ, వాటికి గేర్లు కాదు, తెడ్లు కావాలి. కొన్న కొత్తలో తాసిల్దారు గారు ఒకసారి గేరు మార్చారు. చైను ఎక్కడికో పోయింది, మళ్లీ వెనక్కి రాలేదు. అప్పటి నుంచి సంఘంలో గేరు మార్చాలంటే ముందుగా కార్యదర్శి అనుమతి తీసుకోవాలని తీర్మానం ఉంది. ఇంతవరకు ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.

పెన్న వంతెన మీద రోజూ ఒకాయన మాకు ఎదురు కాడు, వెనక నుంచి వచ్చి దాటిపోతాడు. కోవూరు వైపు పాలు తీసుకోవడానికి పోతాడు. క్యారియరుకు రెండు పక్కలా పెద్ద క్యాన్లు, మడ్‌గార్డు లేని పాత హెర్క్యులస్. హెల్మెట్టు లేదు, గ్లౌజులు లేవు, గేర్లు లేవు. షుగరు కూడా లేదు. మమ్మల్ని దాటేటప్పుడు ‘జరగండి సామీ’ అని బెల్లు కొడతాడు. ఈయన్ని సంఘంలో చేర్చుకుందామా అని ఒకరోజు చర్చ వచ్చింది. ఆరోగ్యం కోసం తొక్కేవారికే సభ్యత్వం, పని మీద తొక్కేవారికి లేదు అని తాసిల్దారు గారు నిబంధన చదివి వినిపించారు. ఆ నిబంధన అప్పటిదాకా లేదు. చర్చ ముగిసేలోపు ఆయన నిండు క్యాన్లతో తిరిగి వచ్చి మళ్లీ మమ్మల్ని దాటిపోయాడు.

ఇప్పుడు అసలు అభియోగానికి వస్తాను. దోశ.

మేము దోశ తింటున్న మాట వాస్తవమే. నెల్లూరు కారం దోశ ముందు నుంచి సైకిలు మీద పోతూ, నెయ్యి చుక్క పెనం మీద పడిన చప్పుడు విని కూడా ఆగకుండా పోగలిగిన మనిషి మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. అయితే ఇది విచ్చలవిడిగా జరగడం లేదు, ఒక పద్ధతి ప్రకారం జరుగుతోంది. లెక్కల మాస్టారు మొదటి వారంలోనే లెక్క కట్టారు. మా వయసువాళ్లు గంటసేపు నింపాదిగా తొక్కితే రెండు, మూడు వందల కేలరీలు ఖర్చవుతాయి. నెయ్యి, ఎర్రకారం, పప్పుల పొడి వేసిన దోశ ఒకటి తింటే దాదాపు అంతే వస్తాయి. అంటే మొదటి దోశకు చెల్లుకు చెల్లు. ఎవరికీ బాకీ లేదు. చిక్కంతా రెండో దోశతో. దాన్ని ఏ పద్దు కింద చూపించాలి? ట్రెజరీ ఆయన ముందుకొచ్చి, రేపటి సైకిలు మీద అడ్వాన్సుగా మంజూరు చేశారు. ప్రభుత్వాలే అలా నడుస్తున్నాయి గదా అన్నారు. ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు, నోట్లో దోశ ఉంది. మధ్యలో వాన రోజులు వచ్చాయి, పెళ్లిళ్లు వచ్చాయి, మోకాలి నొప్పులు వచ్చాయి. తొక్కుడు ఆగింది గానీ అడ్వాన్సు ఆగలేదు. లెక్కల మాస్టారు మొన్న పుస్తకం మూసి కళ్లజోడు తీసి చెప్పిన దాని ప్రకారం, 2031 మార్చి నెలాఖరు వరకు తొక్కాల్సిన సైకిలును మేము ఇప్పటికే తినేశాం.

ఈ పరిస్థితిలో సైకిలు మానేయమనడం అప్పుల వాడిని ఊరు వదిలి పొమ్మనడమే. మా ఆడవాళ్లు ఈ కోణంలో ఆలోచించాలి.

ఆదివారాలు చేపల పులుసు విషయం అభియోగంలో లేదు కాబట్టి దాని జోలికి పోను. అది ఇంట్లో వాళ్లే వండి పెడుతున్నారు. మర్నాటికి ఇంకా రుచి అని సోమవారం కూడా వాళ్లే పెడుతున్నారు.

ఫలితాలు అడుగుతున్నారు. ఫలితాలు ఉన్నాయి. హెల్త్ సూపర్‌వైజరు గారు పోయిన ఏడాది రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకు పోయి స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె తీసుకున్నారు. ముప్ఫై ఏళ్లు ఊరందరికీ ఆరోగ్యం గురించి చెప్పిన మనిషికి చివరికి రొట్టే దిక్కయిందని నవ్వకండి; ఆ చెరువులో ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె కోసం దూరదూరాల నుంచి వచ్చి నిలబడతారు. కోరిక తీరితే మరుసటి ఏడు వచ్చి రొట్టె వదలాలి, అది ఆచారం. ఆయన ఫాస్టింగ్ షుగరు 210 నుంచి 180కి దిగింది. ఇప్పుడు కోరిక తీరినట్టా, తీరనట్టా? ‘తగ్గింది గదబ్బయా, రొట్టె వదలాల్సిందే’ అని ఇంజినీరు. ‘126 దాటితే షుగరే, తీరినట్టు కాదు’ అని లెక్కల మాస్టారు. వదిలేస్తే మిగతా 54 సంగతి ఇక దేవుడు పట్టించుకోడేమోనని సూపర్‌వైజరు గారి భయం. చివరికి సగం రొట్టె వదలడానికి వీలుందేమో కనుక్కోవాలని తీర్మానించి, ఫైలు పెండింగులో పెట్టాం.

ఇక జూన్ 3 నాటి సంఘటన. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం, ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించింది. బ్యాంకు మేనేజరుకు మాత్రం అది పండగ కాదు. ఆయనది అట్లాస్. 2020లో సరిగ్గా ఆ తేదీనే ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. మాకు దినోత్సవం, ఆయనకు తద్దినం. ఏదైనా ఘనంగా చేయాలని మైపాడు బీచికి పోవాలనుకున్నాం. సుమారు 25 కిలోమీటర్లు.

అయిదింటికి నెల్లూరులోని మైపాడు గేటు దాటాం. అంతే, సైకిళ్లు వాటంతట అవే పోతున్నాయి. మోకాళ్లు నొప్పి లేదు, ఆయాసం లేదు. మామూలుగా పది కిలోమీటర్లకు గంట తీసుకునే వాళ్లం, ఇందుకూరుపేట ఎప్పుడొచ్చిందో తెలియదు. ‘ఇదంతా ఆర్నెల్ల సాధన’ అన్నారు తాసిల్దారు గారు. ‘ఉసిరికాయ రసం కూడా ఉంది’ అన్నారు సూపర్‌వైజరు గారు. ట్రెజరీ ఆయన చేతులు వదిలేసి తొక్కారు. సముద్రం కనిపించేసరికి వచ్చే ఏడాది తిరుపతికి తొక్కుకుంటూ పోవాలని కూడా ఖాయమైంది.

తిరుగు ప్రయాణంలో తెలిసింది గాలి అనేది ఒకటుందని. నైరుతి రుతుపవనాలు వానలన్నీ పడమటి కనుమల దగ్గరే దించేసి, జూన్‌లో మన జిల్లాకు వట్టి పడమటి గాలిని పంపిస్తాయి. పొద్దున మమ్మల్ని వెనక నుంచి తోసుకొచ్చిందీ అదే, ఇప్పుడు ఎండతో కలిసి ఎదురుగా నిలబడి ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపుతున్నదీ అదే. పోయేటప్పుడు గాలి మాట ఎత్తిన వాడు ఒక్కడూ లేడు. వచ్చేటప్పుడు ఏడుగురూ అదే మాట. ఇంజినీరు గారు దిక్కులు, వేగం, పీడనం అన్నీ వివరించారు, సైకిలు దిగి తాటిచెట్టు నీడన కూర్చుని.

తర్వాత జరిగింది రికార్డులో రాయొద్దని అధ్యక్షుల మౌఖిక ఆదేశం. పాఠకులకు మాత్రం చెబుతాను. రొయ్యల ట్రేలు వేసుకుని నెల్లూరు వస్తున్న ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. ‘మనిషికి ముప్ఫై, సైకిలుకు యాభై’ అన్నాడు కుర్రాడు. మనిషి కంటే సైకిలుకు ఎక్కువ ఎందుకని తాసిల్దారు గారు నిలదీశారు. ‘మనిషి తనంతట తనే ఎక్కతాడు, సైకిలును నేను ఎక్కించాల గదా పెద్దాయనా’ అన్నాడు. న్యాయమే. కాసేపటికి తాసిల్దారు గారిని కూడా ముగ్గురం కలిసి ఎక్కించాల్సి వచ్చింది గానీ, ఆ కుర్రాడు అదనంగా ఏమీ అడగలేదు. మంచివాడు.

ఆ హడావుడిలో ఇంజినీరు గారు ఫోన్లో సైకిలింగ్ యాప్ ఆపడం మర్చిపోయారు. ఇల్లు చేరేసరికి డాలస్ నుంచి కొడుకు మెసేజ్ పెట్టి ఉన్నాడు. ‘నాన్నా, ఎదురుగాలిలో గంటకు 47 కిలోమీటర్లా! గుండె వేగం 72 దాటలేదు. ఈ వయసులో మీ ఫిట్‌నెస్ సూపర్.’

సదరు స్క్రీన్‌షాటు అభియోగానికి తిరుగులేని జవాబు అని సంఘం ఏకగ్రీవంగా అభిప్రాయపడుతూ, దాని ప్రతులు ఏడు ఇందుతో జతచేయడమైనది. బట్టల నుంచి వస్తున్న రొయ్యల వాసనపై విడిగా సంజాయిషీ సమర్పించుకోవడానికి పదిహేను రోజులు గడువు కోరుతున్నాం.