వాడి పైసలు, మన మిత్తి

నల్లగొండ జిల్లాలో పుట్టినవాడికి ఎక్కాలకంటే ముందు మిత్తి లెక్క, అంటే వడ్డీ లెక్క వస్తుంది. రెండు రూపాయల మిత్తి అంటే నూటికి, నెలకు. ఆ "నెలకు" అన్న మాట ఎవరూ పైకి అనరు. పాలల్లో నీళ్లలాగా అది లోపలే ఉంటుంది.

మా తాత కాలంలో నాగుకు వడ్లు తెచ్చుకుని, పంట మీద ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇచ్చారు. మా నాయిన కాలంలో నోటు రాసి వేలిముద్ర వేశారు. మూడేళ్లు దాటితే నోటు కోర్టులో చెల్లదు కాబట్టి, సావుకారి మర్చిపోకుండా మూడో ఏట పిలిచి, మిత్తిని అసల్లో కలిపి తిరగరాయించుకునేవాడు. అంటే రెండు తరాలుగా మా ఇంట్లో మిత్తి ఒక్క దిక్కుకే పారింది. వాలు అటే ఉంది మరి. ఈ చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దే భారం నా తరం మీద పడింది. నేనూ వెనకాడలేదు. క్రెడిట్ కార్డు తీసుకున్నాను.

నా ఉద్దేశం ఖర్చు పెట్టుకోవడం కాదని మనవి. ఖర్చు పెట్టుకోవడానికి కార్డు తీసుకునేవాళ్లు సామాన్యులు. బ్యాంకు దగ్గర వడ్డీ లేకుండా అప్పు తెచ్చి, దాన్ని ఇంకో బ్యాంకులో దాచి, ఆ వడ్డీ మనం తినడం నా ఉద్దేశం. ఇది నేను కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో దీన్ని స్టూజింగ్ అంటారు. అక్కడి కార్డు కంపెనీలు కొత్త ఖాతాదార్లకు నెలల తరబడి సున్నా వడ్డీ ఇస్తాయి. ఆ డబ్బును సేవింగ్స్‌లో వేసి వడ్డీ తినడం కొందరికి అక్కడ ఒక వ్యాపకం. 2009 మార్చిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన రేటును 0.5 శాతానికి దించేసరికి వాళ్ల నోట్లో మట్టి పడింది. 2023 ఆగస్టుకు అదే రేటు 5.25 అయ్యేసరికి మళ్లీ లేచి కూర్చున్నారు. రెండు వందల ఏళ్లు మన దగ్గర శిస్తు వసూలు చేసిన జాతి ఇప్పుడు కార్డు మీద చిల్లర ఏరుకుంటున్నదని తెలిసి నాకు ఒకింత సంతోషం కూడా కలిగింది.

మన దేశంలో నెలల తరబడి సున్నా ఎవడూ ఇవ్వడు. ఇచ్చేది రోజుల లెక్కన. అయినా పద్ధతి అదే. జీతం ఒకటో తారీఖున పడుతుంది, దాన్ని ముట్టుకోవద్దు. ఉప్పు, పప్పు, పెట్రోలు, పిల్లల ఫీజు, కరెంటు బిల్లు, అన్నీ కార్డు మీదే. నా కార్డు బిల్లు ప్రతి నెలా 15న తయారవుతుంది. కట్టడానికి తర్వాతి నెల 5 దాకా గడువు. 16న కొన్న వస్తువుకు దాదాపు 50 రోజులు వడ్డీ ఉండదు. అదే వస్తువు 15న కొంటే 20 రోజులే. అందుకని ఒక నెల మా ఇంట్లో బియ్యం 13న అయిపోతే 16 దాకా ఉప్మా తిన్నాం. పిల్లలకు దేశ ఆర్థిక వ్యవస్థ గురించి చెప్పడానికి అది మంచి అవకాశం. వాళ్లు వినలేదు.

ఇక లెక్క. నెలకు నా ఖర్చు 40,000. సగటున 35 రోజుల గడువు. అంటే ఏ రోజు చూసినా సుమారు 46,700 రూపాయల బ్యాంకు సొమ్ము నా సేవింగ్స్ ఖాతాలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది. పెద్ద బ్యాంకులు 2025 నుంచి సేవింగ్స్‌కు ఇస్తున్నది 2.5 శాతం. ఏడాదికి 1,167 రూపాయలు. నెలకు 97.

నవ్వకండి. 2010 ఏప్రిల్ 1కి ముందు ఇది కూడా సాధ్యం కాదు. అప్పట్లో నెలలో 10వ తారీఖు నుంచి ఆఖరి రోజు దాకా ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీదే వడ్డీ కట్టేవారు. రోజువారీ నిల్వ మీద ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పాకే నాలాంటి విప్లవకారుడికి ఈ నేల మీద చోటు దొరికింది. 97 రూపాయలకు లీటరు పెట్రోలు కూడా రాదు, నిజమే. కానీ ఆ పెట్రోలు పోసుకుని రామగిరి నుంచి గడియారం సెంటర్ దాకా పోయి, పాస్‌బుక్కులో ఆ వడ్డీ అచ్చు వేయించుకుని వస్తుంటే వచ్చే ఆనందానికి ధర కట్టలేం. మూడు తరాల్లో మొదటిసారి వాలు తిరగబడింది.

మొదటి ఆటంకం కిరాణా కొట్టులో ఎదురైంది. కార్డు తీయగానే సేటు, "కార్డా సార్? రెండు పర్సెంట్ ఎక్స్‌ట్రా అయితది. ఫోన్‌పే కొట్టరాదు" అన్నాడు. 40,000 మీద రెండు శాతమంటే 800. 97 సంపాదించడానికి 800 పెట్టుబడి. సేటును తప్పు పట్టను. మనం కార్డు గీకినప్పుడల్లా అతనికి రావాల్సిన దాంట్లోంచి బ్యాంకులు కొంత కోసుకుంటాయి. యూపీఐలో 2020 జనవరి నుంచి ఆ కోత లేదు. నల్లగొండ పట్టణానికి పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. అక్కడ లింగం మీద రోజంతా ఒక నీడ కదలకుండా నిలబడుతుంది. ఏ స్తంభం నీడో చూసేవాళ్లకు అంతుపట్టదు. నా సున్నా వడ్డీ కూడా అటువంటిదేనని అప్పుడు తెలిసింది. కాకపోతే ఇక్కడ స్తంభం ఎవరో కనిపెట్టడానికి శిల్పశాస్త్రం అక్కర్లేదు. బనీను వేసుకుని తక్కెడ ముందు కూర్చున్నాడు.

అప్పటినుంచి రెండు శాతం అడగని దుకాణాలు వెతుక్కుంటూ తిరిగాను. సందులో దొరికే కందిపప్పు కోసం ఊరవతలి సూపర్ మార్కెట్‌కు పోయాను. అక్కడ కందిపప్పుతో పాటు నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు, ఒక దోమల బ్యాటు కొన్నాను. 16వ తారీఖు కదా అని.

ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీసి దాచుకోవచ్చు కదా అని ఒక సహోద్యోగి సలహా ఇచ్చాడు. నగదుకు సున్నా రోజుల గడువు. నోటు చేతికి రాకముందే మీటరు తిరగడం మొదలవుతుంది, పైగా తీసినందుకు విడిగా ఫీజు. ఇంకొకాయన మరీ ఘనుడు. బామ్మర్ది ఇంట్లో కిరాయికి ఉంటున్నట్టు యాప్‌లో చూపించి, కార్డుతో అతనికి కిరాయి కట్టి, ఆ పైసలు వెనక్కి తెప్పించుకునేవాడు. పది వేలకు ఒక శాతం ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 118 రూపాయలు కట్టి, 35 రోజులకు 24 రూపాయల వడ్డీ ఆర్జించేవాడు. 2025 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు నిబంధనలు మార్చాక చాలా యాప్‌లు ఆ దారి మూసేశాయి. ఆయన్ను రిజర్వ్ బ్యాంకే కాపాడింది. ఆయన మాత్రం ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాడు.

నేను చేసిన తప్పు ఒక్కటే. దసరాకు ఊరికి పోయినప్పుడు విషయం బయట పెట్టాను.

హోటల్ బల్ల మీద చాయ్ తాగుతూ, బ్యాంకు పైసలు బ్యాంకులోనే పెట్టి రెండున్నర సంపాదిస్తున్నానని చెప్పాను. ఒక్క క్షణం అందరూ మౌనంగా ఉండిపోయారు. చెప్పాను కదా, మా దగ్గర "నెలకు" అన్న మాట లోపలే ఉంటుంది. నేను చెప్పింది ఏడాదికి రెండున్నర. వాళ్లు విన్నది నెలకు రెండున్నర. "రెండున్నర మిత్తా? గవుర్మెంటు బ్యాంకే? నోటు గూడ రాయకుంటనే?" అని ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. బత్తాయి తోట అమ్మిన పైసలు ఇంట్లో ఉన్నాయట. నేను విడమరచి చెబుదామనుకున్నాను. కానీ నలభై ఏళ్లలో ఆ హోటల్లో నా మాటను అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. మనిషిని కదా. ఇంకో చాయ్ చెప్పించుకున్నాను.

మా నాయిన ఒక్కడే నమ్మలేదు. "వాని పైసల మీద నువ్వు మిత్తి తింటుంటే, వాడు ఊకుంటడా? వానికేం పిచ్చా?" అన్నాడు. ఆయనకు బ్యాంకింగ్ తెలియదని జాలిపడ్డాను.

వారం తిరక్కముందే దేవరకొండ నుంచి మా బామ్మర్ది దిగాడు. బోరు వేయిస్తున్నాడట. బండి పొలంలో నిలబడి ఉంది, యాభై వేలు తక్కువ. "బావా, నీ దగ్గర బ్యాంకు పైసలు ఊకెనే ఉన్నయంట గదా. ఐదో తారీఖు లోపల ఇస్త" అన్నాడు. నిజమే, ఊకెనే ఉన్నాయి. మన ప్రాంతంలో పైసలు ఊకెనే ఉండటం నేరం. జీతం వచ్చి ఖర్చయిపోయేవాణ్ణి ఎవరూ చేబదులు అడగరు. ఖాతాలో 46,700 నిలబెట్టుకున్నవాడు మాత్రం దాన్ని దాచలేడు. బ్రిటన్‌వాళ్ల స్టూజింగ్ పాఠాల్లో వడ్డీ రేట్ల గురించి, గడువుల గురించి ఎంతైనా ఉంది. బామ్మర్ది అధ్యాయం లేదు. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ నా జవాబు కోసం వింటున్నదని అర్థమై ఇచ్చేశాను. మిత్తి అడగడానికి నోరు రాలేదు. ఆ విధంగా నేను నడిపిన ఏకైక సున్నా వడ్డీ పథకం నిజంగానే సున్నా వడ్డీది. ఫీజులు లేవు, షరతులు లేవు, జీఎస్టీ లేదు.

5వ తారీఖు వచ్చింది. బామ్మర్ది ఫోన్ ఎత్తలేదు. 6న ఎత్తి, ఆరు వందల ఫీట్లు పోయినా దుమ్మే వస్తున్నదని చెప్పాడు. కార్డు యాప్‌లో "మినిమం డ్యూ 2,000 మాత్రమే" అని, అంటే ఇప్పటికి కనీసం ఇంత కడితే చాలని, పచ్చ రంగులో బటన్ మెరుస్తున్నది. దాన్ని చూస్తే మా సావుకారి గుర్తొచ్చాడు. నోటు తిరగరాయించుకునే రోజు ఆయన కూడా అంత మెత్తగానే మాట్లాడేవాడు. ఆ బటన్ నొక్కలేదు. ఆఫీసులో ఒకాయన దగ్గర రెండు రూపాయల మిత్తికి 40,000 తెచ్చి 10న మొత్తం కట్టేశాను. మరోసారి చెబుతున్నాను, వడ్డీ లేని అప్పు తీర్చడానికి.

అయిదు రోజులే కదా, అయిదు రోజుల వడ్డీ వేస్తారనుకున్నాను. అట్లా కాదు. గడువు దాటితే సున్నా అన్నదే రద్దయిపోతుంది. ఏ వస్తువు ఏ రోజు కొన్నామో ఆ రోజు నుంచి, అంటే ఉప్మా తిన్నాక 16న కొన్న ఆ బియ్యం నుంచి లెక్క కడతారు. నెలకు 3.5 శాతం చొప్పున సగటున 40 రోజులకు 1,867. మూడు రోజుల కంటే ఎక్కువ ఆలస్యమైంది కాబట్టి లేటు ఫీజు 1,000. రెంటి మీదా జీఎస్టీ. అన్నీ కలిపి 3,383 రూపాయలు. నెలకు 97 చొప్పున అది నా 35 నెలల లాభం. నేను ఈ ఉద్యమం మొదలుపెట్టి ఏడు నెలలే అయింది. కాబట్టి ఇంకా 28 నెలలు బ్యాంకుకు బాకీ ఉన్నట్టు లెక్క.

ఆ కాగితం మా నాయినకు చూపించాను. సేవింగ్స్ సంగతి ఎంత చెప్పినా తలకెక్కని మనిషి దీన్ని ఒక్క చూపులో పట్టేశాడు. "నెలకు మూడున్నర మిత్తా? గిర్వి పెట్టుకునేటోడు గూడ రెండే తీసుకుంటడు గదరా." అప్పుడు వెలిగింది నాకు. బ్యాంకుకు రెండు భాషలు వచ్చు. మనకు ఇచ్చేటప్పుడు ఏడాది భాషలో మాట్లాడుతుంది, రెండున్నర అంటుంది. మన దగ్గర తీసుకునేటప్పుడు మా ఊరి భాషలో మాట్లాడుతుంది, మూడున్నర అంటుంది. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఒక్క రూపాయే కదా అనిపిస్తుంది. ఒకే భాషలోకి తెస్తే రెండున్నర ఎక్కడ, నలభై రెండు ఎక్కడ! 30 శాతం దాటితే అది అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. "సున్నా శాతం వడ్డీ" అన్నది అసలు లేనేలేదని రిజర్వ్ బ్యాంకు కూడా 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసింది. అది ఫోన్లూ ఫ్రిజ్‌లూ వాయిదాల మీద అమ్మే పథకాల గురించి. నాకు వర్తించదనుకుని ఆ రోజు పేజీ తిప్పేశాను.

ఉద్యమం మాత్రం ఆపలేదు. ఇప్పుడు బిల్లు గడువుకు మూడు రోజుల ముందు, ఒక రోజు ముందు, ఆ రోజు పొద్దున మోగేలా ఫోన్లో అలారాలు పెట్టాను. మా ఆవిడ ఫోన్లోనూ పెట్టాను. ఆమె తీసేసింది. కిందటి నెల పాస్‌బుక్కు అచ్చు వేయించుకుంటే మూడు నెలలకు కలిపి 211 రూపాయల వడ్డీ పడింది. బామ్మర్దికిచ్చిన రోజులు మినహా.

నిన్న అతనే ఫోన్ చేశాడు. రెండో బోరుకు నీళ్లు పడ్డాయట, రెండించులు. ఈ యాసంగి వడ్లు అమ్మగానే యాభై వేలు తెచ్చిస్తానన్నాడు. సంతోషమన్నాను. పెట్టేయబోతుంటే ఆపాడు.

"బావా, ఆ రెండున్నర మిత్తి ఇచ్చే బ్యాంకు ఏదో జర చెప్పు. మిగిలిన పైసలు నేను గూడ అండ్లనే ఏస్త."