మహారాజశ్రీ 11.71 లక్షల గారికి

మహారాజశ్రీ అగ్నివీర్ సేవా నిధి గారి సముఖమునకు ఒక మాజీ హవల్దారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఏ ఖాతాలో, ఏ వడ్డీ నీడన సేద తీరుతున్నారో తెలియదు గానీ, అక్కడ తమరూ క్షేమమేనని తలుస్తాను.

తమరు ఇంకా మా గడప తొక్కలేదు. మావాడు నాలుగేళ్ల కొలువుకు సైన్యంలోకి తీసుకునే అగ్నివీరుల మొదటి జట్టులో చేరాడు. ఆ నాలుగేళ్లు నిండి ఇంటికి పంపేటప్పుడు ఒకేసారి చేతికిచ్చే సొమ్ము తమరు కాబట్టి, 2027 మొదట్లో తమరి రాక ఉంటుందని మా అంచనా. అయితేనేం, తమరి పేరు తలవకుండా మా ఇంట్లో పొయ్యి వెలగడం లేదు. మా ఊళ్లో తమరిని కళ్లతో చూసినవారు ఒక్కరూ లేరు. తమరిని మనసులో పంచేసుకోనివారూ ఒక్కరూ లేరు.

తమరి జాతకం నాకు కంఠతా వచ్చు. 2022 జూన్ 14న ఢిల్లీలో అగ్నిపథ్ పథకంతో పాటు తమరి పుట్టుకను ప్రకటించారు. మూడు రోజులకే ఆ పథకం మీద నిరసనల్లో సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు పెట్టెలు తగలబడ్డాయి, కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రవాడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. అంతకుముందే పరుగు పూర్తిచేసి, వైద్య పరీక్ష గట్టెక్కి, రాత పరీక్ష ఎప్పుడు పెడతారా అని కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన పిల్లలు ఎంతోమంది. వాళ్లను పిలిచి, ఆ పరుగు చెల్లదు, మళ్లీ మొదటినుంచి పరుగెత్తండి అన్నారు. ఆ ఒక్క ఏడాదికి వయోపరిమితిని 21 నుంచి 23కు సడలించారు. అదే వాళ్లకు దక్కిన తీర్థప్రసాదం. మావాడు 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్ల లోపల పరుగెత్తడానికి ఏడాదిపాటు కోచింగ్ అకాడమీలో ఉన్నాడు. ఆ ఫీజుకు చేసిన అప్పు కూడా తమరి పేరు మీదే నిలిచి ఉంది. అప్పిచ్చినాయన నన్ను నమ్మి ఇవ్వలేదు, తమరిని నమ్మి ఇచ్చాడు.

ఇక తమరి దేహ నిర్మాణం. మొదటి ఏడు మావాడి జీతం నెలకు 30,000. అందులో 30 శాతం, అంటే 9,000, తమరి హుండీలో పడింది. చేతికి వచ్చింది 21,000. జీతం ఏటా కాస్త కాస్త పెరిగి నాలుగో ఏడు 40,000 అయింది, తమరి వాటా 12,000కు పెరిగింది. నాలుగేళ్లకూ కలిపి మావాడి జీతంలోంచి తమరు పుచ్చుకునేది 5.02 లక్షలు. ప్రభుత్వం అంతకు అంత వేస్తుంది. వడ్డీతో కలిపి 11.71 లక్షల నిండు విగ్రహం. పన్ను లేదు. పింఛనూ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడనే హోదా లేదు. హోదా లేదు కాబట్టి మిలటరీ క్యాంటీన్ కార్డు, ఈసీహెచ్ఎస్ అనే మాజీ సైనికుల వైద్య పథకం కూడా లేవు. ఇంతకూ నాకు అర్థం కానిది ఒక్కటే. సగానికి సగం మావాడి సొమ్మే అయినప్పుడు, మొత్తాన్నీ వరంలా చేతులు చాచి అందుకోవడం ఎలాగో తమరే సెలవివ్వాలి.

మా ఆవిడ లక్షల భాష మాట్లాడదు. ఆవిడకు లెక్కంటే తులాలే. తమరు పుట్టిన నెలలో మేలిమి బంగారం తులం 50 వేల పైచిలుకు ఉండేది. అప్పుడు తమరు 22 తులాలు సునాయాసంగా తూగేవారు. 2025లో తులం లక్ష దాటిన రోజున ఆవిడ టీవీ ముందునుంచి లేవకుండానే, ‘ఇప్పుడు పదకొండే’ అంది. మూడేళ్లలో తమరు సగానికి చిక్కిపోయారు. మావాడు మంచుకొండల్లో ఉండి కూడా నాలుగు కిలోలు పెరిగాడు. తమరు ఏసీ గదుల్లో ఉండి ఇలా అయిపోవడం ఏమీ బాగాలేదు, ఎవరికైనా చూపించుకోండి.

ఇప్పుడు దరఖాస్తుల సంగతి మనవి చేస్తాను.

మొదటి దరఖాస్తు మా బావమరిదిది. పది గేదెలతో పాల డెయిరీ పెడతాడట. గేదెలు ఎక్కడ కట్టాలో స్థలం చూశాడు, పాలు ఎవరికి పోయాలో మాట్లాడుకున్నాడు, ఒక గేదెకు పేరు కూడా పెట్టాడు. పెట్టుబడి మాత్రం తమరు. రెండోది పెద్దల్లుడిది. పెళ్లినాడు మిగిలిపోయిన లాంఛనం సంగతి ఆయన ఇన్నేళ్లూ ఎత్తలేదు. తమరి వార్త పత్రికలో పడ్డ పండుగకే ఆయనకు జ్ఞాపకశక్తి తిరిగి వచ్చింది. మూడోది చీటీల వ్యాపారిది. ‘అంత డబ్బు బ్యాంకులో పెడితే ఏం వస్తుంది హవల్దారుగారూ’ అంటూ నా క్షేమం కోరి రెండుసార్లు ఇంటికి వచ్చి కాఫీ తాగి వెళ్లాడు. హైవే పక్కన వెంచరు వేసిన ఆసామి దేశభక్తుడు. సైనికుల కుటుంబాలకు గజానికి వంద రూపాయలు తగ్గిస్తానన్నాడు. ఆ వెంచరు మొన్నటిదాకా చెరువు. రామాలయం కమిటీవారు మండపం మీద మావాడి పేరు చెక్కిస్తామని మాట ఇచ్చారు. పేరు పొడవును బట్టి చందా అనుకుంటాను, ఇంటిపేరుతో సహా చెక్కిస్తామని గట్టిగా పట్టుబట్టారు.

పెళ్లిళ్ల పేరయ్య గొడవ వేరు. ఆ నాలుగేళ్లూ అగ్నివీరులు పెళ్లి చేసుకోకూడదన్నది నిబంధన. కనుక ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సంబంధం చూడరాదు, సంబంధం చూసే వేళకు ఉద్యోగం ఉండదు. ‘అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగితే ఏమని చెప్పమంటారు?’ అని ఆయన. దేశ సేవ చేశాడని చెప్పమన్నాను. ‘అది చేసింది గదండీ, చేస్తున్నది చెప్పండి’ అన్నాడు. చివరికి తమరి ఫొటోనే అమ్మాయి తరఫువారికి చూపిద్దామని నిర్ణయించాం.

ఇక్కడొక చిక్కు ముడి ఉంది. నాలుగేళ్లయ్యాక వందలో 25 మంది దాకా సైన్యంలోనే శాశ్వతంగా ఉండిపోతారు. అలా ఉండిపోయినవారికి తమరు నిండుగా రారు. వాళ్లు కట్టిన సొమ్మూ దాని వడ్డీ మాత్రమే చేతికి వస్తాయి, ప్రభుత్వం వాటా రాదు. ఈ నిబంధన నేను పొరపాటున భోజనాల దగ్గర చదివి వినిపించాను. అప్పటినుంచి మా ఇంట్లో దైవభక్తి రెండు చీలికలైంది. మావాడు ఆ 25 మందిలో ఉండాలని వాళ్లమ్మ శనివారాలు ఉపవాసం. బావమరిది కూడా తిరుమల మెట్లెక్కి వచ్చాడు. ఏమని మొక్కుకున్నావయ్యా అంటే మొక్కు బయటికి చెప్పకూడదు బావా అన్నాడు. గేదెలకు అడ్వాన్సు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

తమరికి ఒక అన్నగారు ఉన్నారు. పింఛను గారు. రెండు పుష్కరాలు సైన్యంలో ఉండి వచ్చాక ఆయన మా ఇంట్లో కాలు పెట్టాడు. ఆయనేమీ మచ్చలేని చంద్రుడు కాదు. ఇల్లు కట్టుకోవడానికి, చెల్లెలి పెళ్లి అప్పు తీర్చడానికి నేను సగం పింఛనును కమ్యుటేషన్‌కు ఇచ్చుకున్నాను, అంటే దాని బదులు ముందే ఒక మొత్తంగా సొమ్ము తీసుకున్నాను. అది తిరిగి కలవాలంటే 15 ఏళ్లు. నవంబరు వస్తే నేను ఇంకా బతికే ఉన్నానని సర్కారుకు రుజువు చూపాలి. రుజువు లేదన్న కారణంతో 2022 ఏప్రిల్‌లో 58,275 మందికి పింఛను జమకాలేదు. అల్లరయ్యాక, ఈసారికి బతికే ఉన్నారనుకుంటాం లెండి అని వేశారు. ఒకే హోదాకు ఒకే పింఛను అడగడానికి 2015లో పతకాలు తగిలించుకున్న ముసలివాళ్లు ఎండలో జంతర్ మంతర్ దగ్గర కూర్చోవలసి వచ్చింది. ఆ పింఛను కాక మాజీ సైనికుడి కోటాలో నాకొక చెక్క పొలం కూడా వచ్చింది. పదేళ్లు దాటితే అమ్ముకోవచ్చునని జీవో ఉంది. జీవో నా దగ్గర ఉంది, పొలం రిజిస్ట్రేషన్ చేయకూడదనే 22ఏ జాబితాలో ఉంది, రెండూ ఇంతవరకు ఒకదాన్నొకటి కలుసుకోలేదు.

అయినా అన్నగారి గొప్ప గుణం ఒకటి తమరి దగ్గర లేదు. ఆ కమ్యుటేషన్ సగం పోగా మిగిలిన ఆయన ఒక్కసారిగా రాడు. నెలకు ఇంత అని వస్తాడు, కిరాణా కొట్లో, మందుల షాపులో, పాలవాడి దగ్గర కరిగిపోతాడు, మళ్లీ నెలకు వస్తాడు. ఆయన మొత్తాన్నీ ఇమ్మని ఏ బావమరిదీ అడగలేడు, ఎందుకంటే మొత్తం అనేది ఎప్పుడూ ఒక్కచోట ఉండదు. వచ్చే ఏడు పింఛనును ఈ ఏడు గేదెగా మార్చడం ఎవరివల్లా కాదు. సైనికుణ్ణి శత్రువు నుంచి తుపాకీ కాపాడుతుందేమో గానీ, బంధువుల ప్రేమ నుంచి కాపాడింది మాత్రం ఆ నెలసరి ఏర్పాటే. నేను పోయాక కూడా ఆయన మా ఆవిడ దగ్గరికి వస్తాడు, కాస్త తగ్గి వస్తాడు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరంలో మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచి తరతరాలుగా ఇళ్లలోంచి మగవాళ్లు సైన్యానికి వెళ్తూనే ఉన్నారు. సభల్లో దీన్ని దేశభక్తి అంటారు, నిజమే. కానీ నెలనెలా వచ్చే మనియార్డరూ, ఆ తరవాత చచ్చేదాకా వచ్చే పింఛనూ లేకుండా ఒట్టి దేశభక్తి ఇన్ని తరాలు నడిచేదని నేను అనుకోను.

తమరిని బ్యాంకులో వేసి ముట్టుకోకుండా కూర్చుందామా అని కూడా లెక్క వేశాను. ఏడు శాతం వడ్డీ అనుకుంటే నెలకు 6,800 చిల్లర. పాత పద్ధతిలో పింఛనుకు అర్హుడైన సిపాయికి ఎంత తక్కువైనా మూల పింఛను 9,000కు తగ్గదు, దాని మీద కరువు భత్యం. పైగా ధరలు పెరిగితే ఆయన పెరుగుతాడు. తమరు పెరగరు. నిజానికి ఆ 6,800 కూడా ఊహే. ముట్టుకోకుండా కూర్చోనిచ్చే ఇల్లు ఏ ఊళ్లో ఉంది?

వెటకారం కాసేపు పక్కన పెడతాను. 2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్థాన్ కాల్పుల్లో శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన అగ్నివీరుడు చనిపోయాడు. విధుల్లో మరణించిన అగ్నివీరుడి కుటుంబానికి 48 లక్షల బీమా, 44 లక్షల పరిహారం, మిగిలిన కాలపు జీతం, తమరు, ఇవన్నీ పథకంలోనే రాసి ఉన్నాయి. కుటుంబ పింఛను మాత్రం రాసి లేదు. అదే కందకంలో, అదే గుండుకు పక్కనున్న పాత పద్ధతి సిపాయి చనిపోతే అతని మీద ఆధారపడినవారికి నెలనెలా వస్తుంది. కల్లితండా కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, అయిదెకరాల పొలం, 300 గజాల స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. మంచిపని, ఎవరూ కాదనరు. అయితే దేశమంతా టీవీల్లో చూస్తున్న వారంలో పోయిన పిల్లవాడికి అంత దక్కింది. ఎవరూ చూడని వారంలో, ఎవరికీ తెలియని కొండమీద పోయేవాడి తల్లిదండ్రులు ఏ ప్రకటన కోసం ఎదురుచూడాలి? హక్కుగా రాయవలసినదాన్ని దయకు వదిలేస్తే అది వార్తల బలాన్ని బట్టి వస్తుంది.

సరే, మళ్లీ మన ఇంటి గొడవకు వస్తాను. తమరు వచ్చాక మావాడు ఏం చేస్తాడని నన్ను అందరూ అడుగుతున్నారు. కేంద్ర బలగాల్లో పది శాతం రిజర్వేషన్ అని 2022లో అన్నారు, పరీక్షలు రాస్తాడు. లేకపోతే ఏటీఎం ముందు స్టూలు ఎలాగూ ఉంది, నేను కొన్నాళ్లు కూర్చున్నదే. స్టూలు మీద నేను కూర్చున్నప్పుడు వెనక పింఛను ఉంది కాబట్టి జీతం ఆలస్యమైనా నవ్వగలిగాను. వాడు పాతికేళ్ల లోపలే ఆ స్టూలు మీదికి వస్తే ఎలా నవ్వాలో నేర్పడం నాకు చేతకాదు.

మొన్న సెలవుకు వచ్చినప్పుడు మా ఆవిడ దరఖాస్తులన్నీ రాసిన కాగితం వాడి ముందు పెట్టింది. గేదెలు, లాంఛనం, చీటీ, ప్లాటు, మండపం, అకాడమీ అప్పు, అన్నీ కూడితే తమరి మీద మరో నాలుగు లక్షలు పైన తేలింది. వాడు కాగితాన్ని కిందిదాకా చదివి, తనకొక బుల్లెట్ బండి కొనుక్కోవాలని ఉందన్నాడు. ఇల్లంతా నిశ్చేష్టమైపోయింది. డబ్బు విలువ తెలియని పిల్లవాడని బావమరిది కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. రేపు పెళ్లయితే ఎలా బతుకుతాడో అని అల్లుడుగారు ఆ పూట భోజనం మానేశారు. చీటీల వ్యాపారి అయితే వాడికి పొదుపు గురించి అరగంట చెప్పి వెళ్లాడు.

కాబట్టి తమరికి నా విన్నపం. వచ్చే తేదీ ముందుగా ఊరికి తెలియనివ్వకండి. రాత్రిపూట, అందరూ పడుకున్నాక, సందేశం శబ్దం కూడా లేకుండా మావాడి ఖాతాలోకి రండి. తెల్లవారేలోపల బండి షోరూం దగ్గర మేమిద్దరం నిలబడి ఉంటాం.

ఇట్లు,
తమరి రాకకు ఎదురుచూస్తున్నవారి వరుసలో కొడుకు వెనక నిలబడ్డ
ఒక మాజీ హవల్దారు

తా.క.: ఈ ఉత్తరానికి జవాబు రాస్తే పింఛను పుస్తకం మీద ఉన్న చిరునామాకు కాకుండా మావాడి యూనిట్‌కు రాయండి. మా ఊరి పోస్టుమ్యాన్ కూడా ఒక ప్లాటు చూసుకున్నాడు.