ఎర్ర స్టిక్కర్ తల్లికి ఎవరు ఫోన్ చేస్తారు?

హైరిస్క్, అంటే ముప్పు ఎక్కువున్న గర్భిణి అని తేలితే మాతాశిశు కార్డు మీద ఎర్ర స్టిక్కర్ అతికిస్తారు. 2016లో మొదలైన సురక్షిత మాతృత్వ కార్యక్రమం కింద ప్రతి నెలా 9న డాక్టర్ చూస్తారు. బీపీ, షుగర్, రక్తం శాతం అన్నీ రాస్తారు. కాన్పయ్యాక ఆ జాగ్రత్తంతా బిడ్డ వైపు మళ్లుతుంది, తల్లి మనసు ఎలా ఉందో అడిగేవారుండరు.

బీపీ పెరిగి, నెలలు నిండకుండానే ఆపరేషన్ అయిన తల్లి సంగతి చూడండి. బిడ్డ అద్దాల పెట్టెలో, తను కుట్ల నొప్పితో వార్డులో. కొన్ని గంటలకోసారి పాలు పిండి పంపాలి. రాకపోతే ‘పాలు కూడా పడలేదా’ అని ఓ మాట. ఇంటికొచ్చాక నిద్ర పట్టదు, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాదు. ఏడిస్తే ‘పచ్చి బాలింతవి, బంగారంలాంటి బిడ్డను పెట్టుకుని ఏడుపేంటే’ అంటారు. గాలి సోకిందని తాయెత్తు కట్టే ఇళ్లూ ఉన్నాయి.

కాన్పు తర్వాత రెండు వారాల్లో తగ్గిపోయే దిగులు మామూలే. తగ్గకుండా ముదిరేది డిప్రెషన్. దేశంలోని అధ్యయనాలను కలిపి చూస్తే సుమారు 22 శాతం తల్లుల్లో అది ఉందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చిన పరిశీలన చెప్పింది. కష్టమైన కాన్పుల్లో ముప్పు ఇంకా ఎక్కువ.

మానసిక వైద్యులు పట్నాల్లో ఉంటారు, బాలింత గడప దాటదు. ఇలాంటి చోట ఫోన్ వైద్యం అక్కరకొస్తుంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. చిక్కల్లా ముందు ఆమె ఫోన్ చేయాలి. అది జబ్బని తెలియదు, తెలిసినా చెప్పుకోలేదు, చాలాసార్లు సొంత ఫోనే ఉండదు. పక్కన అత్తగారుంటే ‘బాగానే ఉన్నానండి’ తప్ప ఇంకేం మాటొస్తుంది?

కాబట్టి ఫోన్ అటునుంచే రావాలి. ఎర్ర స్టిక్కర్ల వివరాలు ఆరోగ్య కేంద్రంలో ఉన్నవే. ఆస్పత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 3వ రోజు నుంచి 42వ రోజు దాకా ఆరుసార్లు ఇంటికి వెళ్తుంది. బిడ్డ బరువు తూస్తుంది, తల్లికి జ్వరం, రక్తస్రావం ఉన్నాయేమో అడుగుతుంది. మనసు సంగతి కూడా అడగాలి. కాన్పు తర్వాతి డిప్రెషన్‌ను పసిగట్టేందుకు 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు. బిడ్డను అత్తగారికిచ్చి కాసేపు వసారాలోకి పంపితే చాలు, తల్లి నోరు విప్పుతుంది. స్కోరు ఎక్కువొస్తే ఆశానే 14416 కలిపివ్వాలి. ఆ తర్వాత ఏడాది పాటు టెలిమానస్ వాళ్లే గుర్తుపెట్టుకుని ఫోన్ చేసి పలకరించాలి. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులూ ఉన్నాయి.

మాటలకు పొంతన లేకపోయినా, లేని గొంతులు వినబడుతున్నా, చావు మాట ఎత్తినా ఫోన్‌తో సరిపెట్టకూడదు. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మూడేళ్లలోపు బిడ్డను చికిత్స పేరుతో తల్లి నుంచి మామూలుగా వేరు చేయరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఇద్దరినీ కలిపి ఉంచే వార్డు ఉంది. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆస్పత్రుల్లో అలాంటి పడకలు సరిపడా ఉండేలా చూడటం రెండు ప్రభుత్వాల పని.

ఆశాల నెత్తిన మరో రిజిస్టరా అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. శిక్షణ ఇవ్వాలి, ఈ పనికి విడిగా డబ్బూ ఇవ్వాలి. రిజిస్టర్ మాత్రం కొత్తది అక్కర్లేదు, బిడ్డ బరువు రాసే ఫారంలోనే ఆ స్కోరుకు రెండు గళ్లు పెంచితే సరిపోతుంది.