రిఫ్రెష్ కొడితే ర్యామ్ ఖాళీ అవ్వదు మావయ్యా

మా ఫ్యామిలీ గ్రూపులో పెద్ద మావయ్యగారు మళ్లీ అదే మెసేజ్ పెట్టారు. "సిస్టమ్ స్లో అయిందా? రిపేరుకి డబ్బులు తగలేయకండి" అని మొదలవుతుంది. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి నాలుగైదు సార్లు రిఫ్రెష్ కొడితే ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) ఖాళీ అవుతుందట. రన్‌లో 'ట్రీ' అని కొడితే సిస్టమ్ మొత్తం స్కాన్ అయి స్పీడు పెరుగుతుందట. టెంప్, ప్రీఫెచ్ ఫోల్డర్లు రోజూ ఊడ్చేయాలట. నోట్‌ప్యాడ్‌లో ఒక్క లైను రాసి సేవ్ చేసుకుంటే అది ర్యామ్ బూస్టరట. ఇక రాత్రి షట్‌డౌన్ చేసి పడుకుంటే, తెల్లారేసరికి సిస్టమ్ కొత్తదానిలా లేస్తుందట.

విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచీ చూస్తున్నాను దీన్ని. అప్పట్లో నెట్ సెంటర్ అన్నయ్యలు నోటితో చెప్పేవాళ్లు, ఇప్పుడు వాట్సాప్ చెబుతోంది. అయిదింట్లో ఒక్కటీ పూర్తిగా నిజం కాదు. ఒకటైతే పని చెడగొడుతుంది.

ముందు రిఫ్రెష్ సంగతి. డెస్క్‌టాప్ అంటే నిజానికి ఒక ఫోల్డర్. రిఫ్రెష్ కొట్టినప్పుడు విండోస్ చేసేదల్లా ఆ ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో ఇంకోసారి చూసుకుని ఐకాన్లు తిరిగి గీయడం. ర్యామ్ జోలికే పోదు. నమ్మకపోతే టాస్క్ మేనేజర్ (ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుతోందో చూపించే విండో) తెరిచి పక్కన పెట్టుకుని, పదిసార్లు ఎఫ్5 (రిఫ్రెష్ మీట) కొట్టి చూడండి. మెమరీ దగ్గర అంకె తగ్గదు. పైగా ఎక్స్‌ప్లోరర్ (డెస్క్‌టాప్, ఫోల్డర్లు చూపించే ప్రోగ్రామ్) వాడే సీపీయూ కాసేపు పెరుగుతుంది, పదిసార్లు ఐకాన్లు గీయమన్నాం కదా మరి. (సీపీయూ అంటే ప్రాసెసర్. మనవాళ్లు బల్ల కింద ఉండే డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటారు, అది వేరే గొడవ.)

మరి ఇన్నేళ్లుగా ఇంతమంది ఎందుకు నమ్మారు? పాత విండోస్‌లో కొత్తగా సేవ్ చేసిన ఫైలు ఒక్కోసారి వెంటనే కనబడేది కాదు, రిఫ్రెష్ కొడితే ప్రత్యక్షమయ్యేది. అంతవరకూ నిజంగానే పనికొచ్చేది. రెండోది ఇంకా అసలైన కారణం. 256 ఎంబీ ర్యామ్ ఉన్న సిస్టమ్ ఆన్ చేస్తే, డెస్క్‌టాప్ కనబడ్డాక కూడా యాంటీవైరస్, మెసెంజర్, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కటే లేచేవి. అప్పుడు రిఫ్రెష్ కొడితే ఐకాన్లు బద్ధకంగా మాయమై, ఒక్కొక్కటిగా వచ్చేవి. రెండోసారీ అంతే. అయిదోసారి టక్కున మెరిసేవి. "చూశావా, ఫాస్ట్ అయింది!" ఈలోపు లేవాల్సిన ప్రోగ్రాములన్నీ లేచేశాయి, అంతే. కాకి వాలగానే తాటిపండు పడిందన్న లెక్క. సిస్టమ్ ఇంకా బిజీగా ఉందా లేదా అని నాడి పట్టుకుని చూడటానికి రిఫ్రెష్ పనికొస్తుందంటే ఒప్పుకుంటాను. నాడి పట్టుకోవడం వైద్యం కాదు.

అలవాటు మాత్రం మామూలుది కాదు. 2021లో విండోస్ 11 పరీక్షల దశలో మైక్రోసాఫ్ట్ రైట్ క్లిక్ మెనూ మార్చి, రిఫ్రెష్‌ని లోపలి మెనూలోకి నెట్టింది. జనం ఫీడ్‌బ్యాక్ ఇచ్చారని ఆ జూలైలోనే తిరిగి బయటకు తెచ్చి పెట్టింది.

ట్రీ గురించి రెండు ముక్కలు చాలు. అది విండోస్‌కి ముందున్న డాస్ కాలం నాటి కమాండ్. ఏ ఫోల్డర్ కింద ఏ ఫోల్డర్ ఉందో గీతలు గీసి చూపిస్తుంది. నల్ల విండోలో అక్షరాలు సర్రున పరిగెడుతుంటే సినిమాలో హ్యాకింగ్ సీన్‌లా ఉంటుంది కాబట్టి ఏదో జరుగుతోందనిపిస్తుంది. దేన్నీ బాగుచేయదు, దేన్నీ తుడవదు. రన్ నుంచి కొడితే చూపించేది కూడా మీ యూజర్ ఫోల్డర్ వరకే.

టెంప్‌లో ఉండేవి ప్రోగ్రాములు తాత్కాలికంగా పెట్టుకునే ఫైళ్లు, డిలీట్ చేస్తే నష్టం లేదు, డిస్క్‌లో చోటు వస్తుంది. డిస్క్ నిండిపోయి ఊపిరాడని స్థితిలో ఉంటే తప్ప స్పీడులో తేడా తెలియదు. ప్రీఫెచ్ అలా కాదు. 2001లో ఎక్స్‌పీతో వచ్చిన ఏర్పాటు ఇది. ఒక ప్రోగ్రామ్ తెరిచిన మొదటి పది సెకన్లలో ఏయే ఫైళ్లు అడుగుతుందో విండోస్ రాసి పెట్టుకుంటుంది. మర్నాడు మీరు దాన్ని తెరవగానే ఆ చీటీ చూసి అవన్నీ ముందే తెచ్చి పెడుతుంది. ఆ ఫోల్డర్ ఖాళీ చేయడమంటే వంటమనిషి రాసుకున్న సరుకుల చీటీ రోజూ చించేయడం. స్పీడు కోసం పెట్టినదాన్ని స్పీడు కోసం తుడిచేస్తున్నారు! పాత చీటీలు పేరుకుపోతాయన్న బెంగా అక్కర్లేదు, పరిమితి దాటితే విండోసే తీసేస్తుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైనది, ర్యామ్ బూస్టర్. దీని పాత రూపం ఇలా ఉండేది: ఫ్రీమెమ్ = స్పేస్(64000000). దీనికి అర్థం, 6.4 కోట్ల ఖాళీ అక్షరాలు తయారుచెయ్ అని. ఒక్కో అక్షరానికి రెండు బైట్లు, అంటే సుమారు 128 ఎంబీ. 256 ఎంబీ సిస్టమ్‌లో ఒక్కసారిగా సగం ర్యామ్ కావాలని కూర్చుంటే విండోస్ ఏం చేస్తుంది? పనిలో ఉన్న ప్రోగ్రాముల సామానంతా హార్డ్ డిస్క్‌లోకి తోసేస్తుంది. ఆ ఒక్క లైను స్క్రిప్ట్ క్షణంలో ముగిసి ఆ 128 ఎంబీ వదిలేస్తుంది. టాస్క్ మేనేజర్ చూస్తే, ఆహా, ఎంత ఖాళీ! తర్వాత బ్రౌజర్ మీద క్లిక్ చేయగానే తోసేసిన సామానంతా వెనక్కి తేవాలి, హార్డ్ డిస్క్ కర్‌ర్ కర్‌ర్‌మని మొదలు. బస్సులో జనాన్ని దింపేసి, సీట్లు ఖాళీ అయ్యాయని సంబరపడి, మళ్లీ అందరినీ ఎక్కించుకున్నట్టు.

మావయ్యగారి మెసేజ్‌లో ఉన్నది ఆ లైను కూడా కాదు. మైస్ట్రింగ్ = (80000000) అని ఉంది. ఎవరో కాపీ చేస్తూ 'స్పేస్' అన్న మాట మధ్యలో జారవిడిచి ఉంటారు. ఇప్పుడది ఎనిమిది కోట్లు అనే అంకెకి ఒక పేరు పెట్టి ఊరుకుంటుంది. చీటీ మీద ఎనిమిది కోట్లు అని రాసి జేబులో పెట్టుకుంటే కోటీశ్వరులం అయిపోతామా? హాని లేదన్నదొక్కటే ఊరట. అసలు ర్యామ్ ఖాళీగా ఉంటే మంచిదన్న ఆలోచనే తిరగబడింది. మిగిలిన ర్యామ్‌లో విండోస్ మీరు తరచూ వాడే ఫైళ్లు దాచి ఉంచుతుంది, ఎవరైనా అడగ్గానే ఇచ్చేస్తుంది.

చివరిది, షట్‌డౌన్. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ కొట్టినప్పుడు మీ ప్రోగ్రాములు మూసుకుంటాయి కానీ, విండోస్ గుండెకాయ, డ్రైవర్లు (ప్రింటర్ లాంటి పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న స్థితి అలాగే డిస్క్‌లో దాచుకుని, పొద్దున్న అదే స్థితిలో లేస్తాయి. మొదటి నుంచి మొదలవ్వాలంటే రీస్టార్ట్ కొట్టాలి.

ఇదంతా గ్రూపులో రాస్తే "నీకేం తెలుసురా" అన్నారు. ఆదివారం వాళ్లింటికి వెళ్లి టాస్క్ మేనేజర్ తెరిచాను. రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే సిస్టమ్‌లో అప్ టైమ్, అంటే విండోస్ మొదటి నుంచి మొదలై ఎంతకాలమైందో, 41 రోజులని చూపించింది. "ఇదేంట్రా" అని కళ్లజోడు సర్దుకుని ఇంకోసారి చూశారు. 8 జీబీ ర్యామ్‌లో సగం వాడకంలోనే లేదు. హార్డ్ డిస్క్ మాత్రం ఊపిరి సలపని పనితో 100 శాతం దగ్గర నిలబడి ఉంది. స్టార్టప్‌లో పదకొండు ప్రోగ్రాములు, అందులో రెండు యాంటీవైరస్‌లు, ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకుంటూ. ఒకటి పీకేసి, అక్కర్లేనివి ఆపేసి, రీస్టార్ట్ కొట్టాం. అత్తయ్య కాఫీ తెచ్చేలోపు లేచింది. ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్క్) మాత్రం పెన్షన్ పడ్డాక చూద్దామన్నారు.